గండభేరుండం ఎడమరెక్క

మంచుకొమ్ము శిఖరం మీద తెల్లవారడమంటే ఒక్కసారిగా తెర లాగేసినట్టే. తూర్పున కుంకుమగీత ఒకటి కనిపించిందనుకునే లోపలే కొండ నెత్తిన ఉన్న మంచు మొత్తం కరగబోసిన వెండిలా ధగధగలాడుతుంది. ఆ వెండి నేల నడుమ, నల్లరాతి అరుగు మీద, లోకంలో మిగిలిన ఆఖరి గండభేరుండ పక్షి చచ్చి పడి ఉంది.

దాని దేహం కోడెదూడంత. రెక్కలు విప్పితే కొస నుంచి కొసకు ఎనిమిది బారలు. ఈకలు ఒక పక్క నుంచి చూస్తే నెమలి కంఠపు నీలం, ఇంకో పక్క నుంచి చూస్తే కాల్చిన రాగి. రెండు మెడల్లో కుడిది ముడుచుకుని రెక్క కింద దూరి ఉంది. ఎడమది తూర్పుకు సాగి ఉంది, చివరి క్షణం దాకా వెలుగు కోసం ఎదురుచూసినట్టు.

పులుగుల చెంగలి దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని చూస్తోంది. బారెడు పొద్దెక్కినా ఇంకా చూస్తూనే ఉంది.

వెనక మంచులో పచార్లు చేస్తున్న యువకుడికి ఓపిక నశించింది. అతడు వలాహకపుర యువరాజు జయకేతుడు. అయితే ఒంటి మీద వేటగాడి గొంగళి, నెత్తిన గొర్రెతోలు కుళ్ళాయి. శత్రువు కంట పడకుండా నెల రోజులుగా ఆ మారువేషంలోనే తిరుగుతున్నాడు.

"చెంగలీ, అది లేచి నీతో కబుర్లాడదు. కత్తి తియ్యి."

"ఇవాళ కత్తితో పనిలేదు కేతన్నా. ఇవాళంతా చూట్టమే."

"ఐదు రోజులే ఉన్నాయి మనకి! ఆరో రోజు పొద్దున వాడొస్తాడు."

"అందుకే ఒక్కరోజే చూస్తున్నా. అయిదు నెలలుంటే నెలంతా చూసేదాన్ని."

నెమ్మదిగానే అంది గానీ, ఆరో రోజు అన్న మాట చెంగలి గుండెలో ముల్లులా దిగింది. ఆ రోజుతో ముడిపడి ఉన్నది ఆమె తండ్రి ప్రాణం.

చెంగలి తండ్రి భైరన్న వలాహకపురంలో పిట్టల బొమ్మలు కట్టడంలో పేరుపడ్డవాడు. చచ్చిన పిట్ట తోలు ఒలిచి, లోపల గడ్డి కూరి, బతికుండగా ఎలా వాలేదో అలా నిలబెడితే, చూసినవాళ్ళు మరిచిపోయి గింజలు చల్లేవాళ్ళు. వేటగాళ్ళు ఎరగా పెట్టుకునే దీమపు పిట్టల నుంచి కొలువులోని నెమళ్ళ దాకా అన్నీ ఆయన చేతివే. ఒకనాడు కోట మీద చక్కర్లు కొడుతున్న రాబందును చూసి ఆయన నలుగురిలో అనేశాడు: "అది రాబందు కాదయ్యా. మనిషి చెయ్యి ఊపినట్టు ఊపుతోంది రెక్క."

ఆ మాట నిజం. ధూమ్రకేశుడనే మాంత్రికుడు సొంత దేహాన్ని పాముల గుహలో పడుకోబెట్టి, చచ్చిన పక్షుల ఒంట్లో దూరి రాజ్యాల మీద తిరుగుతున్నాడు. గుట్టు బయటపెట్టినందుకు భైరన్నను ఎత్తుకుపోయి ఆ గుహలోనే కట్టేశాడు. "గండభేరుండానికి వయసు మీరింది. ఆ దేహం నాదైన రోజు నా తొలి ముద్దవు నువ్వే" అని కబురు కూడా పంపాడు.

ఇప్పుడు ఆ పక్షి చచ్చింది. మాంత్రికుడు ఆకాశం నుంచి దాన్ని చూసుకుని, కొత్త దేహంలో దూరడానికి కావలసిన తొమ్మిది రోజుల దీక్షకు గుహలో కూర్చున్నాడు. మంచులో పడ్డ దేహం కుళ్ళదని అతడికి ధీమా. చెంగలి, జయకేతుడు ఆ దీక్ష మొదలైన రోజే బయలుదేరినా, కొండ ఎక్కేసరికే నాలుగు రోజులు గడిచిపోయాయి.

బయలుదేరేముందే ఒక ముని వాళ్ళకు ఆ దీక్ష సంగతీ, దానికి ఉపాయమూ చెప్పాడు. "ప్రాణం గుండెను వెతుక్కుంటుంది. గుండె లేని దేహంలో దూరితే వలలో పడ్డ పిట్టే. నాలుక లేకపోతే బయటికొచ్చే మంత్రం పలకలేడు. కానీ తల్లీ, పిడికెడు కండ ఎక్కడ మిగిలినా ప్రాణం అక్కడ నిలుస్తుంది. ఇంకో మాట. సొంత దేహానికి బాణపు దూరంలోకి వచ్చాడా, మంత్రం లేకుండానే అందులోకి దూకగలడు."

అందుకే కంచరగాడిద మీద గడ్డిమోపులు, తవుడు బస్తా, పటిక, పాషాణం, లక్క, రంగురంగుల గాజుగుడ్లు, వెదురుబద్దలు వేసుకుని ఇంత దూరం వచ్చారు.

చెంగలి నడుం నుంచి నూలుతాడు తీసింది. ఎడమ మెడ పొడవు కొలిచి ఒక ముడి వేసింది. కుడి మెడకు ఇంకో ముడి. రొమ్ము చుట్టు, తొడ చుట్టు, భుజం నుంచి మోచేయి, మోచేయి నుంచి రెక్క కొస. ముడి మీద ముడి.

"రెండు మెడలూ ఒకటే కదా, రెండుసార్లు ఎందుకు?" అన్నాడు జయకేతుడు.

"ఒకటి కాదు. కుడిది రెండు వేళ్ళు పొడుగు. నీ చెవులు రెండూ ఒకటేనా? ఎడమది కొంచెం బయటికుంది."

జయకేతుడు చప్పున చెవి తడుముకున్నాడు. "మా అంతఃపురంలో ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదే!"

"యువరాజు చెవి ఎవరు కొలుస్తారు?"

ఆ తరవాత ఆమె కనురెప్పలు ఎత్తి చూసింది. మంచు దయ వల్ల కంటి రంగు ఇంకా పోలేదు. ఎడమ తల కళ్ళు తేనె రంగు, కుడి తల కళ్ళు దానిమ్మగింజ రంగు. నాలుగు రంగుదారాలు పక్కపక్కన పెట్టి చూసి, సరిపోయినవి రెండు ఏరి తాడుకు కట్టుకుంది. కాళ్ళ పసుపుకు ఒక దారం, ముక్కుమొదటి నలుపుకు ఒక దారం. "మంచు కరిగిందంటే అన్నీ బూడిద రంగే. అప్పుడు ఏడ్చినా లాభం లేదు" అంది.

చివరికి బొగ్గుముక్కతో అరుగు మీద పక్షి పడి ఉన్న తీరును చుట్టూ గీసింది. ఏ గోరు ఏ బీటలో ఉందో, ఏ ఈక ఎటు తిరిగి ఉందో అన్నీ చూసుకుంది.

"మళ్ళీ ఇలాగే పడుకోబెడతావా? రెక్కలు విప్పి, నోళ్ళు తెరిచి, భయంకరంగా నిలబెట్టొచ్చుగా!"

"వాడు పైనుంచి చూసి పోయింది ఇలా పడున్న పిట్టని. మనం వీరభద్రుడిలా నిలబెడితే వాడు దణ్ణం పెట్టి పోతాడు, దూరడు."

జయకేతుడికి నవ్వు వచ్చింది, కోపం సగం తగ్గింది.

మర్నాడు కత్తి పెట్టేముందు చెంగలి పక్షి రెండు నెత్తుల మీదా చెయ్యి వేసింది. ఆ పని చేసే ఇళ్ళలో అది ఆచారం. "తల్లీ, నీ బట్ట తీసుకుంటున్నా. చించను, మాయించను, నీ పేరు చెడగొట్టను" అని మెల్లగా చెప్పి, రొమ్ము నడిమి నుంచి తోక దాకా ఒక్క గీత గీసింది. నెత్తురు చెమ్మ కనిపించిన చోటల్లా గుప్పెడు తవుడు చల్లింది. తోలును లాగలేదు. వేలి గోటితో కండ నుంచి తోలును వొలుచుకుంటూ పోయింది, పండు మీది తొక్క తీసినట్టు. నాలుకలు రెండూ కోసి తీసి, కొయ్య నాలుకలు చెక్కి పెట్టింది. తోక మొదట్లో ఉన్న నూనెతిత్తిని మాత్రం జాగ్రత్తగా దొన్నెలో దాచింది.

"అది దేనికి?"

"పిట్ట తన ఈకలకు తాను పూసుకునే నూనె. ఆఖర్న పనికొస్తుంది."

మూడోరోజు మాంసం వాసనకు మంచుతోడేళ్ళు వచ్చాయి. పదమూడు. మబ్బు ముక్కలు నడిచొచ్చినట్టు చప్పుడు లేకుండా వచ్చి అరుగును చుట్టేశాయి. అన్నిటికంటే పెద్దది తోలు అంచు నోట కరిచి ఒక్క గుంజు గుంజింది. చెంగలి తోలు మీద బోర్లా పడింది. జయకేతుడు గొంగళి విసిరి ఆ తోడేలు మూతికి చుట్టి, కత్తి దూసి, రెండోదాని మెడ నరికాడు. మూడోది అతడి వీపు మీద దూకింది. ఇద్దరూ కలిసి మంచులో దొర్లి అంచు దాకా పోయారు. చెంగలి పొయ్యిలోని మండుతున్న వెదురుబద్ద తీసి తోడేలు తోకకు అంటించింది. అది అరుస్తూ, నక్షత్రం రాలినట్టు కొండవాలు దిగిపోయింది, మిగతావి దాని వెంట. జయకేతుడు రొప్పుతూ లేచాడు. భుజం మీద నాలుగు గోళ్ళ చీరికలు.

"నీకు దెబ్బ తగిలిందా?" అన్నాడు.

"తోలు చిరగలేదు" అంది చెంగలి. అంతలోనే నాలుక కరుచుకుని, తన పైట చెంగు చింపి అతడి భుజానికి కట్టు కట్టింది. కట్టు కూడా కొలిచినట్టే కట్టింది.

పక్షి మాంసాన్నీ గుండెనీ ఇద్దరూ మంచు తవ్వి పూడ్చి, మీద రాళ్ళు పేర్చారు. అక్కడ చెంగలి ఒక దోసెడు తవుడు చల్లింది.

నాలుగోరోజు ఆమె గడ్డితో దేహం చుట్టింది. చుట్టడం, తాడు పెట్టి చూడటం, ముడికి అందకపోతే విప్పి మళ్ళీ చుట్టడం. ఒకసారి రొమ్ము వేలెడు లావైంది. జయకేతుడు "వేలెడే కదా, బాగా తిన్నదనుకుంటాడు" అన్నాడు. ఆమె మొత్తం విప్పేసింది. తోలు లోపలి వైపు పటిక, పాషాణం కలిపి రాసి రాసి, గడ్డి కోసుకుపోయి, అయిదోరోజు మధ్యాహ్నానికి ఆమె వేళ్ళ కొసలన్నీ పగిలి నెత్తురు కారుతున్నాయి.

అప్పటికి అన్నీ అయ్యాయి, కళ్ళూ ఎడమరెక్కా తప్ప. కళ్ళకు పోసిన లక్క అప్పుడే కరిగింది. గట్టిపడేలోపు గాజుగుడ్లు అమర్చి తీరాలి.

"కేతన్నా, రెక్క నువ్వు చెయ్యి. కుడిరెక్క నేను చేస్తుంటే చూశావుగా. అడుగువైపు చీలిక పెట్టాను. భుజం నుంచి మోచేయి దాకా కండ తియ్యి. మోచేయి నుంచి కొస దాకా రెండెముకలుంటాయి. వాటి సందులో కండ కూడా గీకెయ్యాలి. పటిక రాయి. కుట్టు. దారం కొస మాత్రం తెంపకు. ఎప్పుడు విప్పాల్సి వస్తుందో తెలీదు, మావాళ్ళు పున్నమి దాటేదాకా కొస తెంపరు."

జయకేతుడు శ్రద్ధగానే కూర్చున్నాడు. మోచేయి దాకా శుభ్రంగా తీశాడు. ఆ తరవాత కండ ఎముకల సందులో గడ్డకట్టి, కత్తికి రాలేదు. తల ఎత్తి చూస్తే చెంగలి నెత్తుటి వేళ్ళను మంచులో ముంచుకుంటూ, కంటి పక్క ఈకలు ఒక్కొక్కటే సూదిమొనతో సర్దుతోంది. రాలేదని చెబితే వచ్చి కూర్చుంటుంది. ఆ వేళ్ళతో మళ్ళీ మొదలుపెడుతుంది. ఇంత చలిలో ఒక్క పూటకు పిడికెడు కండ కుళ్ళుతుందా? అతడు చీలికను దగ్గరికి లాగి, సన్నటి కుట్లు వేసి మూసేశాడు. మునిమాట ఆ క్షణాన అతడికి గుర్తు రాలేదు. జాలి ఒక్కటే గుర్తుంది.

"కొస దాకా తీశావా?" అని అడిగింది చెంగలి.

"ఆఁ."

కుట్టు చూసింది. చీమలబారులా సమంగా ఉంది. కత్తి పట్టే చేతికి ఇంత సన్నని కుట్టు వచ్చిందని ముచ్చటపడింది. కుట్టాక బొటనవేలితో నొక్కి చూడాలని తండ్రి నూరుసార్లు చెప్పిన మాట మనసులో మెదిలింది. వేలు పచ్చిపుండు. ఊరుకుంది.

ఆరో రోజు సూర్యుడితో పాటు రాబందు వచ్చింది.

బొగ్గుగీతల మీద పక్షి పడి ఉన్నది పడి ఉన్నట్టే ఉంది. కుడి మెడ రెక్క కింద, ఎడమ మెడ తూర్పుకు, గోళ్ళు అవే బీటల్లో. గీతల మీద పల్చగా మంచు చల్లి కప్పేసింది చెంగలి. ఇద్దరూ బండ వెనక తోళ్ళు కప్పుకుని నక్కారు.

రాబందు ముసలిది. ఒక కాలు కుంటి. అరుగు మీద వాలి, గసపోసుకుంటూ మనిషి గొంతుతో గొణిగింది: "థూ, పాడు ఒళ్ళు! మెడ మీద వెంట్రుక లేదు, కడుపులో చెత్త తప్ప రుచి లేదు. ఈ పూటతో సరి."

కుంటుకుంటూ చుట్టూ తిరిగింది. రొమ్ము మీద ఈక ఒకటి ముక్కుతో పట్టి పీకింది. పటిక పట్టిన తోలు ఈకను వదల్లేదు. "ఊఁ, గట్టిగానే ఉంది." ముక్కు ఆనించి వాసన చూసింది. పాషాణపు ఘాటు కాదు, పక్షి ఒంటి నూనె వాసన తగిలింది. చెంగలి తెల్లవారుజామున ఈక ఈకకూ పూసిన నూనె అది. ఎడమ తల కన్ను చూసింది. తేనె రంగు. రెక్క కింద ముక్కు దూర్చి కుడి తల కన్ను కూడా చూసింది.

"దానిమ్మ" అంది రాబందు తృప్తిగా. "దొంగవెధవలు ఎవరైనా మార్చి ఉంటే రెండూ ఒకటే రంగు పెట్టేవాళ్ళు."

జయకేతుడు పక్కకు తిరిగి చెంగలిని చూశాడు. ఆ చూపులో అయిదు రోజుల సణుగుడుకూ క్షమాపణ ఉంది.

రాబందు రెక్కలు ముడిచి మంత్రం అందుకుంది. దాని నోట్లోంచి పొగమెలిక ఒకటి లేచి, పాములా సాగి, గండభేరుండం నోట్లోకి జారింది. ముసలి రాబందు ఖాళీ సంచిలా ఒరిగిపోయింది.

గడ్డి లోపల చరచరమంది. ఎవరో చీకటింట్లో గుమ్మం కోసం గోడలు తడుముతున్నట్టు, రొమ్ములో ఒకసారి, మెడల్లో ఒకసారి, తొడల్లో ఒకసారి. గుండె దొరకలేదు. నాలుక దొరకలేదు. చప్పుడు ఆగిపోయింది.

"చిక్కాడు!" జయకేతుడు బండ మీదికి ఎగిరాడు. "పద చెంగలీ! ఎల్లుండికల్లా గుహ. మీ నాన్న కట్లు నేనే విప్పుతాను!"

చెంగలి కదల్లేదు. ఆమె ఎడమరెక్కను చూస్తోంది. దాని కొస ఈక సన్నగా వణికింది. గాలి లేదు.

జయకేతుడు బండ దిగి వచ్చాడు. "చెంగలీ... మోచేయి అవతలి కండ నేను తియ్యలేదు."

"ఆఁ అన్నావు."

"నీ వేళ్ళు చూసి అన్నాను."

"నేనూ నొక్కి చూడలేదు కేతన్నా."

ఇంకో మాటకు వ్యవధి లేకపోయింది. ఎడమరెక్క తెరచాపలా విచ్చుకుని అరుగు మీద ఛెళ్ళున కొట్టింది. మంచు లేచి కళ్ళు కప్పింది. లోపలంతా గడ్డే కనక ఆ మహాకాయం బుట్టంత తేలిక. రెండో దెబ్బకు అరుగు మీంచి జారింది. మూడో దెబ్బకు కొండ అంచు దాటింది. జయకేతుడు పరుగెత్తి గాల్లోకి దూకి దాని కాలు పట్టుకున్నాడు. తెంపకుండా వదిలిన దారం కొస మంచు మీద పాములా జారిపోతుంటే చెంగలి దాన్ని మణికట్టుకు చుట్టుకుని, తనూ దూకి రెక్క మొదట్లో ఈకలు పట్టుకుంది.

ఒక్క రెక్కతో కొట్టుకుంటూ, గుగ్గిలంచెట్టు రెక్కగింజలా గిరగిర తిరుగుతూ, గండభేరుండం లోయ మీదికి పోయింది. ఆకాశం కిందికీ కొండలు పైకీ వచ్చాయి.

"దారం లాగు!" కింద నుంచి జయకేతుడు అరిచాడు. "కుట్టు విప్పి కండ కోసెయ్యి! తప్పు నాది, నేను పోయినా ఫరవాలేదు!"

"తప్పు ఇద్దరిదీ. ముందు ఎటు పోతున్నామో చూడు!"

తిరుగుతున్నా దారి తప్పడం లేదు. దక్షిణాన నల్లటి అడవి మధ్య, కొండ పొట్టలోంచి ఆకుపచ్చటి పొగ లేస్తోంది. పాముల గుహ. కళ్ళూ గుండే లేని ఆ ప్రాణం, పశువు కొట్టం వెతుక్కున్నట్టు, తన సొంత దేహం వైపే రెక్క కొడుతోంది.

"రెండు రోజుల నడక" అంది చెంగలి. "వాడే మోసుకుపోతున్నాడు, మా నాన్న దగ్గరికి. మోయనీ."

"గుహకు బాణపు దూరంలోకి పోతే వాడు తన ఒంట్లోకి దూకేస్తాడుగా!"

"దానికి ముందే కుట్టు లాగి కండ పెరికేస్తా."

"లాగితే మనం రాయిలా పడతాం!"

"కింద చెట్లున్నాయి. మనం పట్టుకుంది మూడు మోపుల మెత్తటి గడ్డి. గట్టిగా పట్టుకో. కూరింది నేనే, పిగలదు."

ఆ భయంలోనూ జయకేతుడికి నవ్వు వచ్చింది.

చెంగలి బొటనవేలిని కుట్టు మీద ఆనించి, నిన్న నొక్కవలసిన చోట ఇప్పుడు నొక్కింది. పచ్చివేలు భగ్గుమంది. కింద వెచ్చగా, చిన్న జంతువులా, కండ కొట్టుకుంటోంది. ఆమె వేలు అక్కడి నుంచి తియ్యలేదు. రెండో చేత్తో దారం కొస బిగించి పట్టుకుని, పొగ వైపు చూస్తూ, అడ్డంగా పరుగెత్తుతున్న అడవిని బాణాల లెక్కన కొలవసాగింది.

"తొమ్మిది" అంది. "ఎనిమిది... తొందరపెట్టకు కేతన్నా... ఏడు."